టెన్నిస్ పుట్టింట్లో ఛాంపియన్లకు కరువెందుకు?

ఇంగ్లండ్‌లో నవంబరు నెలాఖరుకు సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. స్కూలు వదలగానే అటునుంచి అటే పార్కులోని టెన్నిస్ కోర్టుకు పరిగెత్తినా, వెలుతురులో ఆడుకోవడానికి దానికి దొరికేది అరగంట. అదీ వాన లేకపోతే. కోర్టేమో తారుది. తడిసిందంటే కాలు జారుతుంది, బంతి నీళ్లు పీల్చుకుని ఇటుకముక్కలా బరువెక్కుతుంది. పైన కప్పున్న కోర్టు కావాలంటే కారులో అరగంట వెళ్లాలి. ఆ ఒక్క గంటకు అద్దె, కోచ్ ఫీజు కలిపితే మా ఇంట్లో వారం కూరగాయల ఖర్చు దాటిపోతుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇదే వరస. అంటే ఏడాదిలో సగం.

జూలై వచ్చిందంటే ఇక్కడి తెలుగువాళ్ల మధ్య ఒకటే ప్రశ్న. వింబుల్డన్ చేతిలో ఉంది, డబ్బుకు కొదవ లేదు, మరి వీళ్ల ఆటగాళ్లేరీ? జవాబులు కూడా సిద్ధంగానే ఉంటాయి. ఎప్పుడూ వానే కదా అంటారొకరు. పిల్లలకు సుఖం మరిగి కసి లేదంటారు ఇంకొకరు. అన్నిట్లోనూ కొంత నిజముంది. కానీ ఆ నవంబరు సాయంత్రాల్లో కోర్టు పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాక నాకు బోధపడింది వేరు. ఈ దేశంలో టెన్నిస్ ఏటా రెండు వారాలు వచ్చిపోయే పండగ. రోజూ చేసుకునే పని కాలేదు. దానికి కారణాలు వెతికితే నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాల్సి వస్తుంది.

ముందు లెక్కలు చూద్దాం. 1936లో ఫ్రెడ్ పెర్రీ వరుసగా మూడోసారి వింబుల్డన్ గెలిచాడు, అదే ఏడాది అమెరికన్ టైటిల్ కూడా. ఆ తర్వాత ఏ గ్రాండ్‌స్లామ్‌లోనైనా, అంటే టెన్నిస్‌లోని నాలుగు పెద్ద టోర్నీల్లో దేంట్లోనైనా, ఒక బ్రిటిష్ మగవాడు సింగిల్స్ గెలవడానికి 76 ఏళ్లు పట్టింది. 2012లో ఆండీ ముర్రే యూఎస్ ఓపెన్ గెలిచాడు. మరుసటి ఏడు జూలై 7న జొకోవిచ్‌ను ఓడించి వింబుల్డన్ అందుకున్నాడు. ఆడవాళ్ల వైపు కాస్త నయం. 1969లో ఆన్ జోన్స్ వింబుల్డన్, 1976లో స్యూ బార్కర్ ఫ్రెంచ్, 1977లో వర్జీనియా వేడ్ వింబుల్డన్ గెలిచారు. ఆపైన 44 ఏళ్లు ఖాళీ. 2021లో పద్దెనిమిదేళ్ల ఎమ్మా రదుకాను క్వాలిఫయర్‌గా, అంటే ముందు అర్హత మ్యాచులు ఆడాల్సినదానిగా, యూఎస్ ఓపెన్‌కు న్యూయార్క్‌లో అడుగుపెట్టి, పది మ్యాచుల్లో ఒక్క సెట్టు కూడా పోగొట్టుకోకుండా కప్పు ఎత్తుకెళ్లింది.

దాదాపు ఏడు కోట్ల జనాభా ఉన్న దేశం ఇది. కోటి పైచిలుకు జనం ఉన్న చెక్ రిపబ్లిక్ నుంచి 2011 తర్వాత ముగ్గురమ్మాయిలు వింబుల్డన్ గెలిచారు. క్విటోవా అయితే రెండుసార్లు. సెర్బియా జనాభా డెబ్భై లక్షలు కూడా లేదు, జొకోవిచ్ ఒక్కడే 24 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఫెడరర్ లాంటివాడు పుట్టడంలో అదృష్టం పాలు పెద్దది. ఏ ప్రణాళికా అలాంటివాణ్ణి తెచ్చి ఇవ్వలేదు. అందుకని ఒక దేశపు టెన్నిస్ ఆరోగ్యం చూడాలంటే శిఖరాన్ని వదిలి, కింద ఎంతమంది ఉన్నారో చూడాలి. ప్రపంచ ర్యాంకుల తొలి వందలో ఎంతమంది? ముర్రే వింబుల్డన్ గెలిచిన 2013 జూలైలో మగవాళ్ల తొలి వందలో ఉన్న బ్రిటిష్ ఆటగాడు అతనొక్కడే. దేశమంతా వీధుల్లోకొచ్చి ఊరేగిన ఆ రోజున ముర్రే వెనుక వరసంతా ఖాళీ. నన్ను కలచేది ఆ ఖాళీ.

1874లో మేజర్ వింగ్‌ఫీల్డ్ అనే ఆయన ఈ ఆటకు పేటెంటు తీసుకుని రాకెట్లు, బంతులు, నెట్టు ఒక పెట్టెలో సర్ది అమ్మాడు. కొన్నవాళ్లెవరు? ఇంటి వెనక చదునైన పచ్చిక ఉన్నవాళ్లు, దాన్ని కత్తిరించి రోలరు తిప్పే పనివాళ్లు ఉన్నవాళ్లు. 1877లో మొదటి వింబుల్డన్ జరిపింది ఒక క్రోకే (పచ్చిక మీద కర్రసుత్తితో బంతిని కొట్టే ఆట) క్లబ్బు. పేర్లిచ్చినవాళ్లు 22 మంది. ఆట అలా తోట విందుల్లో పుట్టి, అక్కడినుంచి క్లబ్బుల్లోకి వెళ్లింది. తెల్లబట్టలు, సభ్యత్వం, సభ్యత్వానికి ఇద్దరి సిఫారసు, టీ, శాండ్‌విచ్‌లు. క్లబ్బంటే ఇరుగుపొరుగు పెద్దలు శనివారం డబుల్స్ ఆడుకునే చోటు. పదేళ్ల పిల్లాణ్ణి రోజూ మూడు గంటలు పరిగెత్తించే చోటుగా దాన్ని ఎవరూ ఊహించలేదు.

పెర్రీ కథ ఇక్కడే చెప్పాలి. అతను మాంచెస్టర్ పక్కన స్టాక్‌పోర్ట్‌లో పుట్టాడు. తండ్రి నూలుమిల్లులో పనిచేసి, తర్వాత లేబర్ పార్టీ తరఫున పార్లమెంటుకు వెళ్లినవాడు. పెర్రీ మొదట టేబుల్ టెన్నిస్‌లో ప్రపంచ ఛాంపియన్, ఆ తర్వాతే టెన్నిస్‌కు వచ్చాడు. 1934లో వింబుల్డన్ ఫైనల్లో ఆస్ట్రేలియా ఆటగాడు జాక్ క్రాఫర్డ్‌ను మూడు సెట్లలో ఓడించి స్నానం చేస్తుండగా, పక్కగదిలో క్లబ్బు కమిటీ పెద్దమనిషి ఓడిన క్రాఫర్డ్‌తో, ఇవాళ గెలవాల్సినవాడు గెలవలేదని ఓదార్పుగా అనడం అతని చెవిన పడింది. విజేతకిచ్చే క్లబ్బు టైని ఎవరూ చేతికివ్వలేదు, కుర్చీ వీపు మీద వేసి వెళ్లిపోయారు. పెర్రీ ఈ సంగతి తర్వాత తానే చెప్పుకున్నాడు. 1936 చివర్లో డబ్బు తీసుకుని ఆడే ప్రొఫెషనల్‌గా మారాడని క్లబ్బు అతని సభ్యత్వం తీసేసింది. అతను అమెరికా వెళ్లి అక్కడి పౌరుడయ్యాడు. వింబుల్డన్ ఆవరణలో అతని విగ్రహం నిలబెట్టింది 1984లో, గెలిచిన యాభై ఏళ్లకు.

ఈ ముచ్చటను చాలామంది పాతకాలపు కులీనుల గర్వంగా చెప్పి వదిలేస్తారు. నాకు అందులో ఇంకొకటి కనిపిస్తుంది. మిల్లు కార్మికుడి కొడుకు అప్పటికే ప్రపంచంలో మొదటివాడు. ఆ దారిన ఇంకో వెయ్యిమంది రావాలని అనుకున్న దేశమైతే అతణ్ణి ఊరూరా తిప్పేది. స్టాక్‌పోర్ట్ లాంటి ఊళ్లలో పిల్లలకు ఆ కబురే అందలేదు. తొమ్మిది దశాబ్దాలు గడిచినా అతని వెనకే ఇంకో పెర్రీ రాలేదు.

పార్కుల్లో మునిసిపల్ కోర్టులు లేకపోలేదు. వేల సంఖ్యలో ఉన్నాయి. కానీ కౌన్సిళ్ల దగ్గర డబ్బు తగ్గేకొద్దీ వాటికి ఆలనాపాలనా పోయింది. పగుళ్లిచ్చి, నాచు పట్టి, నెట్టు నడుము వంగి, చాలాచోట్ల ఆడటానికి పనికిరాకుండా పోయాయి. మరి కోర్టు దాకా చేరిన పిల్లలెవరో చూడండి. టిమ్ హెన్మన్ ఇంటి తోటలోనే గడ్డి కోర్టు ఉండేది, తాతగారు వింబుల్డన్ ఆడినవారు. ముర్రే తల్లి జూడీ టెన్నిస్ కోచ్. ఇప్పటి జాక్ డ్రేపర్ తల్లి కూడా కోచే, తండ్రి ఎల్‌టీఏకు, అంటే జాతీయ టెన్నిస్ సంఘానికి, అధిపతిగా పనిచేశాడు. ఇందులో వీళ్ల తప్పేమీ లేదు, వీళ్ల కష్టం వీళ్లు పడ్డారు. కాకపోతే కోర్టు పక్కన పుట్టిన పిల్లలకే కోర్టు దొరుకుతోంది. తక్కిన కోటిమంది పిల్లల్లో ఎవరి చేతిలో ఏ ప్రతిభ ఉందో తెలుసుకునే దారే లేదు. బలమూ వేగమూ ఉన్న పిల్లాడికి ఫుట్‌బాల్ ఏడేళ్లకే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటుంది. బంతి ఒకటుంటే చాలు, వీధి చాలు. ముర్రేకే పదిహేనేళ్లప్పుడు రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్బు నుంచి పిలుపొచ్చింది.

ఇక నేల సంగతి. బయట ఎవరూ పెద్దగా మాట్లాడని కారణం ఇది, నా లెక్కలో అసలైన వాటిలో ఒకటి. 1974 దాకా నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు గడ్డి మీదే జరిగేవి. గడ్డి మీద పెరిగిన బ్రిటిష్ ఆటకు అది అనుకూలం. ఆ తర్వాత అమెరికా, ఆస్ట్రేలియా గడ్డిని వదిలేశాయి. ఇప్పుడు ఏడాది మొత్తంలో గడ్డి టెన్నిస్ అయిదారు వారాలు. మిగతాదంతా హార్డ్ కోర్టులు, ఎర్రమట్టి కోర్టులు. బ్రిటన్ క్లబ్బుల్లో మట్టి కోర్టులు అరుదు, వాన తడికి వాటి పోషణ కష్టం. అందుకని చాలా క్లబ్బులు పైన ఇసుక చల్లిన ప్లాస్టిక్ గడ్డి పరుచుకున్నాయి. వాన వెలిసిన పది నిమిషాలకే ఆడుకోవచ్చు, పెద్దవాళ్ల మోకాళ్లకు హాయి.

ఆ ప్లాస్టిక్ గడ్డి మీద మా అమ్మాయి ఆడుతుంటే చూశాను. బంతి నేలకు తగిలి పైకి లేవదు. చీలమండల ఎత్తులోనే సర్రున జారిపోతుంది. అవతలి పిల్ల ఒక కోత షాట్ కొట్టిందా, పాయింటు అక్కడితో సరి. ర్యాలీ మూడు దెబ్బలు దాటదు. అదే వయసు స్పెయిన్ పిల్ల ఎర్రమట్టి మీద ఆడుతుంది. బంతి నెమ్మదిగా వచ్చి భుజం దాకా లేస్తుంది. ఒక్క దెబ్బతో పాయింటు రాదు. పదిహేను, ఇరవైసార్లు బంతిని తిప్పికొట్టాలి, అవతలివాళ్లను ఆ మూలకూ ఈ మూలకూ తిప్పాలి, జారుతూ ఆగడం నేర్వాలి, ఓపిక పట్టాలి. పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆ పిల్ల ఆడిన బంతులు, ఆలోచించిన పాయింట్లు ఇక్కడి పిల్లకన్నా ఎన్నో రెట్లు. పన్నెండేళ్ల దాకా ఇక్కడివాళ్లలో ఇక్కడివాళ్లు గెలుస్తూనే ఉంటారు. దేశం దాటాకే తేడా తెలుస్తుంది.

డబ్బు మాటకొస్తే ఇది పేద సంఘం కాదు. వింబుల్డన్ మిగులులో 90 శాతం ఎల్‌టీఏకు వెళుతుంది. ఈమధ్య సంవత్సరాల్లో అది ఏటా నాలుగు కోట్ల పౌండ్ల పైమాటే, మన లెక్కలో నాలుగు వందల కోట్ల రూపాయలు దాటుతుంది. ఆ డబ్బుతో 2007లో లండన్ పక్కన రోహాంప్టన్‌లో సుమారు నాలుగు కోట్ల పౌండ్లతో జాతీయ టెన్నిస్ కేంద్రం కట్టారు. విదేశాల నుంచి పేరున్న కోచ్‌లను తెచ్చారు, ముర్రే కోసం అగస్సీ మాజీ కోచ్ బ్రాడ్ గిల్బర్ట్‌ను పిలిపించారు. మంచి పిల్లల్ని ఏరి, ఒకచోట చేర్చి, శాస్త్రీయంగా తయారుచేద్దామన్నది ఆలోచన.

ఆలోచన వినడానికి బాగానే ఉంది. ఇదే దేశం ఇదే పద్ధతిలో ఒలింపిక్స్‌ను మార్చేసింది కూడా. 1996 అట్లాంటాలో బ్రిటన్‌కు వచ్చింది ఒకే ఒక్క స్వర్ణం. జాతీయ లాటరీ డబ్బు ఆటలకు మళ్లించాక 2012 లండన్‌లో 29. హెలెన్ గ్లోవర్ అనే అమ్మాయి 2008లో మొదటిసారి రోయింగ్ పడవెక్కి, నాలుగేళ్లకే స్వర్ణం గెలిచింది. పొడుగూ బలమూ ఉన్న ఇరవై ఏళ్లవాళ్లను వెతికి పట్టుకుని ఛాంపియన్లను చేయడం రోయింగ్‌లో కుదిరింది. టెన్నిస్‌లో కుదరదు. రాకెట్‌కు బంతి ఎక్కడ తగులుతోందో చెయ్యికి తెలియడానికి ఆరేళ్ల వయసులో మొదలుపెట్టాలి. పైగా నాలుగేళ్లకొకసారి ఒకే రోజు కోసం సిద్ధపడే ఆట కాదిది. వారంవారం దేశాలు మారుతూ, ఒంటరిగా, ఓటములు దిగమింగుతూ పదేళ్లు తిరగాలి. పన్నెండేళ్ల పిల్లాణ్ణి అమ్మానాన్నల దగ్గరనుంచి ఊడబీకి కేంద్రానికి తీసుకెళ్తే చెయ్యి కుదురుతుందో లేదో గానీ మనసు చెదిరే ప్రమాదం మాత్రం ఉంది.

ముర్రే ఇంట్లోనే అలా జరిగింది. అన్న జేమీ చిన్నప్పుడు ఆండీకన్నా మంచి ఆటగాడు. పన్నెండేళ్లకు అతణ్ణి స్కాట్లండ్ నుంచి కేంబ్రిడ్జ్‌లోని శిక్షణ కేంద్రానికి పంపారు. ఇంటిమీద బెంగతో, ఆటమీద విసుగుతో కొన్ని నెలలకే తిరిగొచ్చేశాడు. తర్వాత డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ దాకా వెళ్లాడు గానీ సింగిల్స్ దారి అక్కడే మూసుకుపోయింది. అది చూసిన తమ్ముడు పదిహేనేళ్లకు ఆ దారి తొక్కలేదు. స్పెయిన్ కుర్రాడు నాదల్ తనకన్నా పెద్ద ఆటగాడైన మోయాతో సాధన చేస్తున్నానని చెప్పడం విని, నేనిక్కడ ఎవరితో ఆడాలని తల్లిని నిలదీసి బార్సిలోనా వెళ్లాడు. సాంచెజ్-కాసల్ అకాడమీలో ఎర్రమట్టి మీద, తనకన్నా గట్టివాళ్లతో రోజూ ఆడాడు. బ్రిటన్ గర్వంగా చెప్పుకునే ఛాంపియన్‌కు చివరి మెరుగు పెట్టింది స్పెయిన్.

మొదటి మెరుగు పెట్టింది మాత్రం తల్లే. 1995 నుంచి జూడీ స్కాట్లండ్ జాతీయ కోచ్. కప్పున్న కోర్టులు వేళ్లమీద లెక్కపెట్టగలిగే ప్రాంతంలో కొద్దిమంది పిల్లల్ని పోగుచేసి, వ్యాన్ తానే నడిపి టోర్నమెంట్లకు తిప్పింది. ఆమె దగ్గర పెరిగిన గుంపులోంచి ఇద్దరు కొడుకులతో పాటు ఎలీనా బల్టాచా, కాలిన్ ఫ్లెమింగ్ లాంటి ప్రొఫెషనల్ ఆటగాళ్లు వచ్చారు. 2015లో దేశాల జట్లు పోటీపడే డేవిస్ కప్ బ్రిటన్ గెలిచినప్పుడు కెప్టెన్‌గా ఉన్న లియాన్ స్మిత్ చిన్నప్పటి ఆండీకి కోచ్. రోహాంప్టన్ పాలరాతి మీద ఇంత పంట పండలేదు.

కసి లేదన్న మాటకు వస్తాను. వింబుల్డన్ బ్రిటిష్ ఆటగాళ్లకు వైల్డ్‌కార్డులు, అంటే ర్యాంకు చాలకపోయినా నేరుగా ఆడే అవకాశం, ఇస్తుంది. 2025లో మొదటి రౌండులో ఓడినవాళ్లకు కూడా 66 వేల పౌండ్లు దక్కాయి. కింది స్థాయిలో మొత్తం ప్రైజ్ మనీయే 15 వేల డాలర్లుండే టోర్నీలు ఆడే కుర్రాడికి అది పెద్ద సొమ్ము. దాంతో సోమరులవుతారని వాదన. ఈ వాదన చేసేవాళ్లు ఒక్క ఏడాది ఆ కింది టోర్నీల్లో తిరిగి చూడాలి. టిక్కెట్టు, హోటలు, రాకెట్ల తీగలు, ఫిజియో, కోచ్... ఆ 66 వేలు చూస్తుండగానే కరిగిపోతాయి. డాన్ ఎవన్స్ బర్మింగ్‌హామ్ ఎలక్ట్రీషియన్ కొడుకు. పాల్ జబ్‌ను హల్ నగరంలో బామ్మ పెంచింది. వీళ్లకు కసి లేదని ఏ నోటితో అంటాం? పిల్లల గుణాన్ని నిందించడం తేలిక, అందుకే ఆ మాట అంతగా చెలామణి అవుతోంది.

జబ్‌కు చేయూత దొరికింది అమెరికాలో. సౌత్ కరోలైనా యూనివర్సిటీ స్కాలర్‌షిప్‌తో ఆడి 2019లో అక్కడి కాలేజీ ఛాంపియన్ అయ్యాడు. బ్రిటన్ తరఫున ఆడినవాళ్లలో చాలామందిదీ ఇలా బయటి కథే. కామెరాన్ నోరీ పుట్టింది జోహన్నెస్‌బర్గ్‌లో, పెరిగింది ఆక్లండ్‌లో, ఆట పదునెక్కింది టెక్సస్ కాలేజీలో. 2022లో వింబుల్డన్ సెమీస్ ఆడాడు. జొహానా కోంటా సిడ్నీలో పుట్టింది, గ్రెగ్ రుసెడ్‌స్కీ మాంట్రియల్‌లో. రదుకాను టొరంటోలో పుట్టినా రెండేళ్లకే ఇక్కడికి వచ్చి లండన్ శివారులో పెరిగింది, మామూలు ప్రభుత్వ గ్రామర్ స్కూల్లో చదివింది. ఆమె విషయంలో ఇక్కడి వ్యవస్థకు దక్కాల్సిన పేరు దక్కాలి.

కోర్టులుంటే చాలా మరి? ఫ్రాన్స్‌ను చూస్తే చాలదని తెలుస్తుంది. అక్కడ ఊరూరా మునిసిపల్ స్థలాల్లో క్లబ్బులున్నాయి, కప్పున్న కోర్టులు ఇక్కడికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. తొలి వందలో ఫ్రెంచివాళ్లు ఎప్పుడూ బారులు తీరి ఉంటారు. అయినా 1983లో యానిక్ నోవా తర్వాత ఒక్క ఫ్రెంచి మగవాడూ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలవలేదు. వ్యవస్థ వందమందిని ఇస్తుంది, ఆ వందో వెయ్యో మందిలోంచి ఒక్కణ్ణి పైకి లేపేది ఇల్లూ కాలమూ. బ్రిటన్‌కు ఆ ఒక్కడు దొరికాడు, వందమందే దొరకలేదు. అటు సెర్బియాలో అనా ఇవనోవిచ్ చలికాలంలో నీళ్లు తోడేసిన ఈతకొలనులో కార్పెట్ పరిచి ఆడింది. పక్కగోడలు మరీ దగ్గరై క్రాస్‌కోర్టు కొట్టే వీలులేక నేరుగానే కొట్టేవాళ్లట. 2008లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి నంబర్ వన్ అయింది. హంగులు అక్కర్లేదు. నెత్తిన కప్పుండాలి, రోజూ వెళ్లగలగాలి.

మనకు తెలిసిన పోలిక ఒకటుంది. గోపీచంద్ 2001లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, ఇల్లు తాకట్టు పెట్టి గచ్చిబౌలిలో అకాడమీ కట్టాడు. సైనా, సింధు, శ్రీకాంత్ అక్కడే రాటుదేలారు. ఒక ఛాంపియన్ తన తర్వాతి వరసను తానే పెంచాడు. జూడీ కూడా స్కాట్లండ్‌లోని సొంతూరు డన్‌బ్లేన్ పక్కన అందరికీ అందుబాటులో ఉండే టెన్నిస్ కేంద్రం కడదామనుకుంది. దాదాపు పదేళ్లు అది అనుమతుల వివాదాల్లో నలిగింది. ముర్రే గెలిచిన ఆ వేడిలో కోర్టులు కట్టాల్సింది, ఆ కాలం చేజారింది. తల్లీకొడుకులిద్దరూ ఈ బాధను బహిరంగంగానే చెప్పారు.

ఆలస్యమైనా కొంత కదలిక వచ్చింది. ప్రభుత్వం, ఎల్‌టీఏ కలిసి మూడు కోట్ల పౌండ్లకు పైగా పెట్టి 2024 నాటికి మూడు వేల పైచిలుకు పార్కు కోర్టులు బాగుచేశాయి. 2025 మార్చిలో డ్రేపర్ అమెరికాలోని ఇండియన్ వెల్స్ టోర్నీ గెలిచి, జూన్‌కల్లా ప్రపంచ నాలుగో ర్యాంకుకు చేరాడు. అదే జూలైలో క్యాష్, గ్లాస్‌పూల్ జంట వింబుల్డన్ డబుల్స్ గెలిచింది, ఇద్దరూ బ్రిటిష్‌వాళ్లే అయిన జంట 1936 తర్వాత గెలవడం అదే మొదలు. ముర్రే నాటి ఖాళీ ఇప్పుడంత లేదు. కానీ కోర్టుకు కొత్త తారు పోస్తే చాలదు, దీపాలూ కప్పూ కావాలి. దీపాలు పెడతామంటే వెలుతురు ఇళ్లలో పడుతుందని చుట్టుపక్కలవాళ్ల అభ్యంతరాలు, కప్పు వేస్తామంటే పార్కు అందం పోతుందని ఇంకొకరివి.

మా పార్కు కోర్టు కూడా బాగైంది. నీలిరంగు వేశారు, నెట్టు బిగించారు, ఫోన్లో బుక్ చేసుకుంటే గేటు తెరుచుకునే నంబరు వస్తుంది. దీపస్తంభాలు మాత్రం లేవు. మా వీధిలోని నలుగురు తల్లిదండ్రులం కలిసి దీపాల కోసం కౌన్సిల్‌కు అర్జీ రాశాం. నిన్న కోర్టుకు ఎదురుగా ఉన్న ఇంటి పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ కిటికీలోకే వెలుతురు పడేది. రాత్రి ఎనిమిదింటికి ఆర్పేస్తారా అని అడిగింది. ఆర్పేస్తామని అర్జీలోనే రాశామని చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని మొత్తం చదివి సంతకం పెట్టింది. అది నలభై ఒకటోది.